ఇల్లు విడిచి వెళ్లేలోపు పిల్లలకు ఏ పనులు రావాలి? అనంతపురం తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ప్రాంతంలో పిల్లలు ఇల్లు విడిచే వయసు చాలా చిన్నది. ఐదో తరగతికే గురుకులంలో చేర్చేవాళ్లున్నారు. ఆరో తరగతికి లేపాక్షి నవోదయ, కర్నూలు వైపైతే బనవాసి నవోదయ. పది కాగానే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, లేదంటే ఇంటర్‌కు ఏదో ఒక కాలేజీ హాస్టల్. చదువైపోయాక బెంగళూరు, అక్కడొక పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో, ఒక మంచం. నేను అనంతపురంలో హైస్కూలు టీచర్ని. మా మిద్దె మీది గదులు చదువుకునే పిల్లలకు అద్దెకిస్తుంటాం. ఇంట్లో ఉన్న పిల్లల్ని బడిలో, ఇల్లు విడిచొచ్చిన పిల్లల్ని మిద్దె మీద చూస్తుంటాను. పేరెంట్స్ మీటింగుల్లోనూ, గది చూసుకోవడానికి వచ్చినప్పుడూ తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగేవి ఈ ప్రశ్నలే.

ఇంటి పని చెబితే చదువు దెబ్బతినదా?

రోజుకు అరగంట, ముప్పావు గంట ఇంటి పనికి పోతే ఎవరి ర్యాంకూ తగ్గదు. అన్నీ అమ్మే చేసిపెట్టిన పిల్లాడు ఒక్కసారిగా హాస్టల్లో పడినప్పుడు తగ్గుతుంది. ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్లో తెలివైన పిల్లలు తడబడటం చాలాసార్లు చూశాను. పాఠం వాళ్లకు అర్థమవుతుంది. రాత్రి ఏం తినాలో తెలియక బిస్కెట్లతో పడుకుంటారు. ఉతికిన బట్టలు లేక పొద్దున క్లాసు మానేస్తారు. గది తాళంచెవి పారేసుకుని అరపూట తిరుగుతారు. ఒక్కొక్కటి చూస్తే చిన్నదే. అన్నీ కలిసి పుస్తకం పట్టే ఓపికను మింగేస్తాయి.

పరీక్షలుండే మార్చిలో పనులు తగ్గించండి. తిన్న తట్ట కడుక్కోవడం, పక్క తీసుకోవడం మాత్రం పరీక్ష రోజైనా ఉండాలి.

వంట, బట్టలు ఉతకడం ఫోన్లో చూసి వారంలో నేర్చుకుంటారు కదా, చిన్నప్పటి నుంచి ఎందుకు?

చేతి పని వరకైతే మీరన్నది నిజమే. బియ్యం కడిగి ఎసరు పెట్టడం పద్దెనిమిదేళ్ల పిల్లకు ఒక్కపూటలో వస్తుంది. బియ్యం డబ్బా అడుక్కు వచ్చిందని ముందురోజే చూసి తెచ్చుకోవడం మాత్రం ఒక్కపూటలో రాదు. ఏది అయిపోతోంది, ఏది చెడిపోతోంది, రేపటికి ఏం కావాలి అన్నది ఎవరూ చెప్పకుండానే తట్టాలి. సొంతంగా బతకడంలో కష్టమంతా అక్కడే ఉంది.

ఒకప్పుడు మా మిద్దె మీద నలుగురు పిల్లలుండేవారు. సాయంత్రం మోటారు వేసి ట్యాంకు నింపుకోవడం వాళ్ల వంతు. ఖాళీ ట్యాంకులో నీళ్లు దబదబా పడతాయి. నిండేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది, పైపు మునిగాక గొణిగినట్టు వినిపిస్తుంది. ముగ్గురు పిల్లలు గదిలో కూర్చుని, నీళ్లు గోడ మీదుగా కారి మెట్లు తడిసేదాకా కదిలేవాళ్లు కాదు. నాలుగోవాడిది కళ్యాణదుర్గం వైపు పల్లె. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "రేయ్, నిండింది, మోటారు ఆపండ్రా" అనేవాడు. ఎలా తెలుస్తుందప్పా నీకు అని అడిగాను. ఎనుముల తొట్టి నింపడం చిన్నప్పటి నుంచీ తన పనేనట. "తొట్టి పొర్లితే మా జేజి ఊరుకునేది కాదు మేడమ్" అన్నాడు. జేజి అంటే నాయనమ్మ. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఏ జేజీ ఊరుకోదు. మిగతా ముగ్గురికీ ఆ చప్పుడు వినపడుతూనే ఉండేది. నీళ్ల సంగతి ఎప్పుడూ వాళ్ల మీద వేసినవాళ్లు లేరు, అంతే.

మరి పిల్లలకు పని ఎలా అప్పగించాలి?

ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా వాళ్లకే వదిలేయాలి. చాలా ఇళ్లలో అలా జరగదు. "చిన్నా, ఆ బిందె తీసుకురా", "పాపా, కొంచెం కరివేపాకు తుంచుకురా" అంటాం. పిల్లలు లేస్తారు, తెస్తారు, మళ్లీ కూర్చుంటారు. గుర్తుపెట్టుకున్నది అమ్మ, ఎప్పుడు చేయాలో తేల్చింది అమ్మ, సరిగా అయిందో లేదో చూసింది అమ్మ. పదేళ్లు అలా చేసినా ఆ పిల్లకు చెప్పింది చేయడం అలవాటవుతుందే గానీ, చూసుకోవడం అలవాటు కాదు.

నీళ్లతోనే చెబుతాను. కొళాయి రోజు మార్చి రోజు వచ్చే వీధి మీదైతే, పదకొండేళ్ల పిల్లకు ఆ నీళ్లు అప్పగించండి. ఏ రోజు వస్తాయో క్యాలెండర్లో తనే గుర్తు వేసుకోవాలి. డ్రమ్ములో ఎంత మిగిలిందో ముందురోజే చూసుకోవాలి. తాగే నీళ్ల బిందెలు ముందు, వాడుక నీళ్లు తర్వాత. మూతలు పెట్టాలి. శుక్రవారం డ్రమ్ము వంచేసి, లోపల పీచుతో రుద్ది, ఆరబెట్టాలి. ఎందుకు రుద్దాలో కూడా చెప్పండి. డెంగీ దోమ మనం పట్టి పెట్టుకున్న నీళ్లలోనే పెరుగుతుంది. నీటి అంచున, డ్రమ్ము గోడకు అంటుకునేలా గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి రుద్ది కడిగితే అంతలోపే పోతాయి. నీళ్లు ఒంపేస్తే చాలదు, అంచు రుద్దాలి. కారణం తెలిసిన పిల్ల రేపు బెంగళూరు పీజీలో మూలనున్న కూలరు తొట్టి చూసినా ఆ గుడ్ల సంగతే తలుచుకుంటుంది.

అప్పగించాక మీరు గుర్తు చేయకూడదు. తల్లిదండ్రులకు అన్నిటికంటే కష్టమైనది ఇదే. మొదటి నెల పక్కనుండి చూపించండి. రెండో నెల అడిగితేనే చెప్పండి. ఆ తర్వాత నోరు కట్టేసుకోండి. ఒక్కొక్కరికి ఒకటో రెండో ఇలాంటి పనులు చాలు. పది పనులు రాసి గోడకు అంటించి, రోజూ పొద్దున అవే చదివి వినిపిస్తే మళ్లీ భారమంతా చదివేవాళ్ల మీదే ఉంటుంది.

మరిచిపోతే ఇల్లంతా ఇబ్బంది పడాలా?

ఒకపూట పడనివ్వండి. నీళ్లు పట్టడం మరిచిపోతే పక్కింటికి బిందె పట్టుకుపోయి అడగాల్సింది ఆ పిల్లే. అప్పుడు తిట్టకండి, పాతవి తవ్వకండి, మీరు ఎదురెళ్లి బిందె అందుకోకండి. పెద్దవాళ్ల మందులు, గ్యాస్, చంటిబిడ్డను చూసుకోవడం లాంటివి మాత్రం ఇలా వదిలిపెట్టి చూసే పనులు కావు.

ఎన్నేళ్ల నుంచి మొదలుపెట్టాలి?

నడక రాగానే. ఆ వయసు పిల్ల మన చేతిలోని పొరక లాక్కుంటుంది, మనం "వద్దమ్మా, దుమ్ము" అని తిరిగి లాక్కుంటాం. ఏళ్ల తరబడి అలా లాక్కున్నాక, పదమూడో ఏట "ఏ పనీ ముట్టుకోదు" అని బాధపడతాం. మూడు నాలుగేళ్ల వాళ్లను చెనక్కాయలు ఒలిచే చోట కూర్చోబెట్టండి. గంపలో వేసిన దానికంటే నోట్లో వేసుకున్నదే ఎక్కువైనా ఫరవాలేదు. ఐదారేళ్లకు తన చెప్పులు, తన సంచి, తన క్యారియరు తనవే. బడి నుంచి రాగానే క్యారియరు తీసి కడిగే చోట పెట్టాలి. మరిచిపోయి మర్నాడు తెరిస్తే వచ్చే వాసనే వాళ్లకు గుర్తు చేస్తుంది. ఎనిమిదేళ్లకు కసువు ఊడవడం, కోళ్లకు, మొక్కలకు నీళ్లు పెట్టడం, అంగడికి పోయి మూడు వస్తువులు రాసుకోకుండా తేవడం, చిల్లర లెక్క చెప్పడం. పదేళ్లు దాటాక పొయ్యి దగ్గరికి, పెద్దవాళ్లు పక్కనుండగా. పన్నెండు పదమూడుకు తన బట్టలు తానే ఉతుక్కోవాలి, ఒక పూట వంట రావాలి.

ఇవి గీత గీసినట్టు ఉండే వయసులు కావు. పొయ్యి దగ్గరికి పంపేటప్పుడు వయసు కంటే పిల్ల ఎత్తు, నిదానం చూడండి. పదహారేళ్లకు మొదలుపెట్టినా ఆలస్యం కాదు. ఆ వయసు వాళ్లకు పని పురమాయిస్తే ముఖం ముడుచుకుంటారు. "ఇంట్లో ఇన్ని పనులున్నాయి నాయనా, ఏవి నువ్వు చూసుకుంటావో నువ్వే చెప్పు" అని అడిగితే ఆలోచిస్తారు.

వాళ్లు చేస్తే మళ్లీ నేనే చేసుకోవాల్సి వస్తుంది. నేనే చేసేస్తే పోదా?

ఈ రోజుకు పోతుంది. పిల్ల తోమిన గిన్నెను ఆమె చూస్తుండగానే మీరు మళ్లీ తోమితే, ఇక ఎప్పటికీ శ్రద్ధగా తోమదు. ఎలాగూ అమ్మ తోముతుంది కదా. ఒక్క లోపం చెప్పండి, తెలిసేలా చెప్పండి. "లోపల బాగుంది, అడుగున జిడ్డుంది, వేలితో రాసి చూడు." వేలు జారితే జిడ్డు పోనట్టు. ఆ గుర్తు తెలిశాక మీ తనిఖీ అక్కర్లేదు. మా వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన, సబ్బు నురగ రాదు. నురగ కోసం పిల్లలు సబ్బు రుద్దుతూనే ఉంటారు. ఇది కూడా ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

పనిమనిషి ఉంది. ఇంకా పిల్లలతో ఎందుకు చేయించాలి?

ఆమె మీ పిల్లలతో పాటు హాస్టల్‌కు వెళ్లదు. ఇంకో మాట. ఆమె పడే కష్టం ఎంతో పిల్లలకు తెలియాలంటే వారానికొకరోజైనా ఆ సామాన్ల ముందు కూర్చోవాలి. ఆమె సెలవు పెట్టిన రోజు సణగని పిల్లలు మంచి మనుషులవుతారని నా నమ్మకం.

మగపిల్లాడికి ఇవన్నీ ఎందుకు? రేపు పెళ్లాం వస్తుంది కదా?

పదో తరగతి తర్వాత ఇల్లు విడిచిన పిల్లాడికి పెళ్లయ్యేసరికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లు. నడుమ పన్నెండేళ్లు ఎవరు వండిపెడతారు? రోజూ హోటలు కూడు తిన్న పిల్లల కడుపులు ఏమవుతాయో మా మిద్దె మీద చూస్తూనే ఉన్నాను.

పెళ్లయ్యాక మాత్రం? 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా జరిపిన కాల వినియోగ సర్వే లెక్కలున్నాయి. ఆరేళ్లు దాటిన ఆడవాళ్లలో 81.2 శాతం మంది ఇంట్లో జీతం లేని పనులు చేస్తున్నారు, మగవాళ్లలో 26.1 శాతం మంది. ఆ పనులు చేసేవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకున్నా ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లకు 97 నిమిషాలు. ఈ తేడా పెళ్లినాడు పుట్టింది కాదు. ఎనిమిదేళ్ల చెల్లెలు తట్టలు తీస్తుంటే పన్నెండేళ్ల అన్న చేయి కడుక్కుని టీవీ ముందుకు పోతాడు. ఎవరూ ఏమీ అనరు. అక్కడ మొదలవుతుంది. ఇప్పుడు ఇద్దరూ ఉద్యోగాలు చేయకపోతే బెంగళూరులో ఇంటి అద్దె కట్టలేరు. వంటింట్లోకి రాని మగవాడితో కాపురం చేయడానికి మన ఆడపిల్లలు ఒప్పుకోవడం మానేస్తున్నారు. వాళ్లు చేస్తున్నది సరైన పని.

మా అత్త ఒప్పుకోదు. "మగబిడ్డతో పొరక పట్టిస్తావా" అంటుంది.

వాదనకు దిగకండి. ఆమెనే గురువును చేయండి. ఊరిమిండి (పచ్చడి) రోట్లో నూరడం, పెరుగు తోడేయడం, కందిపప్పులో రాళ్లు ఏరడం మీకంటే ఆమెకే బాగా వచ్చు. "జేజీ, సంగటి ఎట్ల చేస్తావో నాకు చూపీ" అని మనవడే పోయి అడిగితే ఏ జేజి కాదంటుంది? పొరక సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మా పాపకు ఇంటి పనులన్నీ వచ్చు. ఆమెకు ఇంకేం నేర్పాలి?

ముందు కొన్ని తగ్గించండి. తమ్ముడికి పంచండి. తర్వాత ఇంటి గడప బయటి పనులు ఇవ్వండి. మా దగ్గర ఆడపిల్లలకు వంట బాగా వచ్చు, బ్యాంకులో ఫారం నింపమంటే నాన్న వైపు చూస్తారు. బస్సు రిజర్వేషన్ చేసుకోవడం, గ్యాస్ బుక్ చేయడం, కరెంటు బిల్లు కట్టడం, ఫ్యూజు పోతే ఎవరిని పిలవాలో తెలియడం, గ్రామ, వార్డు సచివాలయానికి తానే పోయి ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టి, రసీదు దాచుకుని, ఏమైందని మళ్లీ పోయి అడగడం. ఒకసారి కౌంటరు దగ్గర "రేపు రా" అనిపించుకుని, మర్నాడు మళ్లీ పోయి సాధించుకొచ్చిన పిల్లకు వచ్చే ధైర్యం ఏ ఉపన్యాసంతోనూ రాదు. నెలసరి తేదీ తానే రాసిపెట్టుకోవడం, కావాల్సినవి తానే కొనుక్కోవడం కూడా ఇందులోనివే.

మా పిల్లలు పొలంలో కూడా పని చేస్తారు. అది తప్పా?

ఈ ప్రశ్నకు జాగ్రత్తగా జవాబు చెప్పాలి. మన జిల్లాల్లో పని పేరుతో పిల్లల చదువులు పోయిన చరిత్ర ఉంది. నంద్యాల వైపు హైబ్రిడ్ పత్తి విత్తనాల పొలాల్లో ఒక్కో పువ్వునూ చేత్తో క్రాసింగ్ చేయాలి, అంటే ఒక మొక్క పుప్పొడిని ఇంకో మొక్క పువ్వుకు అద్దాలి. ఆ పనికి చిన్నపిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని ఏళ్ల తరబడి వాడుకున్నారు. ఆదోని, కోసిగి, కౌతాళం వైపు నుంచి కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు వలస పోతే, చంటిబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్ల బడి మానేసి వెంట పోతుంది. దాన్ని ఇంటి పని అనడానికి నాకు మనసొప్పదు.

చట్టం ఇలా ఉంది. 2016 సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి వేళల తర్వాత, సెలవుల్లో సొంత కుటుంబానికి సాయం చేయవచ్చు, అదీ ప్రమాదం లేని పనుల్లోనే. 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. ఆరు నుంచి 14 ఏళ్ల వరకు బడి వాళ్ల హక్కు, ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

ఇంట్లో చూసుకోవడానికి నేను చెప్పే గుర్తులు ఇవి. ఆ పని వల్ల ఒక్కరోజైనా బడి మానాల్సి వస్తోందా? రాత్రి నిద్ర తగ్గుతోందా? పిల్ల చేయకపోతే కూలి మనిషిని పెట్టుకోవాల్సి వచ్చేంత పనా? మందు కొట్టే చోటా, యంత్రం దగ్గరా? వీటిలో ఒక్కదానికి అవునని వచ్చినా ఆపేయండి. సాయంత్రం మేకలకు ఆకు వేయడం, సెలవుల్లో నాన్నతో పాటు చెనక్కాయ కట్టె కుప్ప వేయడం మంచి పనులే. వలస తప్పని కుటుంబాలు పిల్లల్ని వెంట తీసుకుపోకుండా, ఊరి బడిలో సీజనల్ హాస్టల్ సంగతి అడగండి. ఎక్కడైనా పిల్లలు ఇబ్బందిలో ఉన్నట్టు కనిపిస్తే 1098కి ఫోన్ చేయవచ్చు.

పని చేసినందుకు డబ్బులివ్వాలా?

రోజువారీ పనులకు వద్దు. 2008లో జర్మనీలో 20 నెలల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. సాయం చేసినందుకు బహుమతి అందుకున్న పిల్లలు, ఆ తర్వాత ఏమీ అందుకోని పిల్లల కంటే తక్కువగా సాయం చేశారు. మన ఇళ్లలోనూ అంతే. గిన్నెకు ఇంత అని రేటు కట్టిన ఇంట్లో, డబ్బు అవసరం లేని రోజు గిన్నెలు అలాగే ఉంటాయి. ఖర్చులకు ఇచ్చేది విడిగా ఇవ్వండి, దాన్ని పనితో ముడిపెట్టకండి. మిద్దెకు సున్నం వేయడం లాంటి పెద్ద పని, బయటివాళ్లకైతే కూలి ఇచ్చేది, పెద్దపిల్లలు మీదేసుకుంటే అప్పుడు కూలి ఇవ్వడంలో తప్పులేదు.

తప్పు చేస్తే శిక్షగా పని చెప్పవచ్చా?

వద్దు. బాత్రూము కడగడం శిక్ష అని నేర్చుకున్న పిల్లాడు, తన గదికి వచ్చాక దాన్ని కడగడు.

దీని మీద పరిశోధనలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, కాకపోతే ఫోన్లలో తిరిగే మెసేజీలంత గట్టివి కావు. అమెరికాలో బోస్టన్ పేదవాడల కుర్రాళ్లను దశాబ్దాల పాటు గమనించిన ఒక అధ్యయనాన్ని జార్జ్ వైలెంట్ 1981లో ప్రకటించారు. చిన్నతనంలో ఇంటి పనులు, చిన్న ఉద్యోగాలు, బడి పనులు శ్రద్ధగా చేసినవాళ్లు పెద్దయ్యాక మానసికంగా మెరుగ్గా ఉన్నారని అందులో తేలింది. ఇంటి పని ఒక్కదాని వల్లే అని కాదు. మిన్నెసోటాలో మార్టీ రాస్‌మన్ 2002లో చెప్పింది ఇంకొకటి. మూడు నాలుగేళ్ల నుంచే పనుల్లో చేయి కలిపినవాళ్లు ఇరవైల్లో బాగా స్థిరపడ్డారట. ఆ లెక్క 84 మంది పిల్లలది. రెండూ అమెరికా సంగతులు, పని చేస్తేనే అలా అయ్యారని కూడా రుజువు చేయవు. నాకు మా మిద్దె మీది పిల్లల్ని చూస్తే వచ్చిన నమ్మకమే ఎక్కువ. అయినా ఆ రెండూ దానికి ఎదురు పోవడం లేదు.

ఇల్లు విడిచేలోపు ఏమేం వండటం రావాలి?

పది వంటలు అక్కర్లేదు. అన్నం, ఒక పప్పు, ఒక చారు, గుడ్డు, ఉగ్గాని వస్తే ఆకలితో పడుకునే పని ఉండదు. సోనా మసూరి బియ్యం కుక్కర్లో గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు. పాతబియ్యమైతే కొంచెం ఎక్కువ, కొత్తబియ్యమైతే తక్కువ. ఉగ్గానికి బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే పిండేయాలి. నానితే ముద్దవుతాయి. తాలింపు వచ్చిన పిల్లకు ఉగ్గాని, చిత్రాన్నం రెండూ వచ్చినట్టే.

సంగటి మాత్రం తప్పకుండా నేర్పండి. చౌక, కడుపు నిండుతుంది, రాగిపిండి నెలంతా నిల్వ ఉంటుంది. గుప్పెడు బియ్యం మెత్తగా ఉడకనిచ్చి, ఎసరు ఇంకా తెర్లుతుండగానే రాగిపిండి కుప్పగా పోయాలి. వెంటనే కలపకూడదు, పిల్లలు తప్పు చేసేది ఇక్కడే. కట్టెతో కుప్ప నడుమ గుంత చేసి, మూత పెట్టి, సన్నసెగ మీద పది నిమిషాలు వదిలేయాలి. పిండి లోపల దాకా ఉడికాక దించి, గిన్నె కదలకుండా రెండు పాదాలతో పట్టుకుని, బలం పెట్టి కెలకాలి. తడిచేత్తో ముట్టుకుంటే అంటకపోతే ఉడికినట్టు. మొదటి రెండుసార్లు ఉండలు కడతాయి. ఊరిమిండి కారంగా ఉంటే ఉండలున్నా తినేస్తారు.

గ్యాస్, కరెంటు అంటే భయం. ఎలా నేర్పాలి?

భయపెట్టి దూరం పెడితే, రేపు ఎవరూ లేనిచోట మొదటిసారి ముట్టుకుంటారు. మీరున్నప్పుడే ముట్టుకోనివ్వండి. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ ఆపాలి, కిటికీలు తెరవాలి, ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు, లైటు ఆర్పడానికి కూడా. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీదే నిలిచి ఉంటుంది. ఫోన్ చేయాల్సిన నంబరు 1906, ఇంటి బయటికి వచ్చి చేయాలి. ట్యూబు ఐదేళ్లకు మార్చాలి, దాని మీద తేదీ ఉంటుంది, చదివించండి. కుక్కరు ఆవిరి పూర్తిగా తగ్గేదాకా మూత బలవంతంగా తీయకూడదు. వెయిట్ పెట్టేముందు ఆవిరి పోయే రంధ్రం తెరిచి ఉందో లేదో వెలుతురుకు పెట్టి చూడాలి.

హాస్టల్ గదుల్లో నన్ను భయపెట్టేది నీళ్లు కాచే రాడ్డు. బకెట్టులో పెట్టాకే స్విచ్ వేయాలి. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్లలో వేలు పెట్టాలి. ఇనుప బకెట్టు వద్దు. వినడంతో సరిపోదు, మీ ముందు చేయించి చూడండి.

డబ్బు చేతికి ఎప్పుడివ్వాలి?

పదేళ్లు దాటిన పిల్లలు స్వయంగా పొదుపు ఖాతా నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు 2014 నుంచే వీలు కల్పించింది. ఏ మేరకు అన్నది బ్యాంకును బట్టి ఉంటుంది. ఖాతా కంటే ముందు ఇంటి కూరగాయల ఖర్చు ఒక నెల అప్పగించండి. పదిహేనో తేదీకే డబ్బు అయిపోతే ఆ పదిహేను రోజులూ పప్పూ చారే తినండి, మీరు జేబులోంచి తీసి కలపకండి. టమాటా ధర రోజుకో తీరుగా ఉండే ఊళ్లో ఇంతకంటే మంచి లెక్కల పాఠం లేదు.

ఫోన్లో డబ్బు గురించి ఒక్క విషయం బాగా ఎక్కించండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే. పోయిందని తెలిసిన నిమిషమే 1930కి ఫోన్ చేయాలి. నాన్న తిడతాడని దాచే పిల్లలే ఎక్కువ నష్టపోతారు, కాబట్టి తిట్టనని ముందే మాటివ్వండి.

ఒంటరిగా ఉన్నప్పుడు జబ్బు చేస్తే?

థర్మామీటర్ చూడటం, వేసుకుంటున్న మందు పేరు చెప్పగలగడం, మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు మింగకపోవడం, ఈ మూడూ రావాలి. విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. డెంగీ కాలంలో జ్వరానికి ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ సొంతంగా వేసుకోకూడదు. అత్యవసరమైతే 108. నీళ్ల విషయం కూడా చెప్పండి. మా జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, అది కాచినా పోదు.

హాస్టల్లో అన్నీ వాళ్లే చూసుకుంటారు కదా?

అన్నం పెడతారు. బట్టలు, పక్క, పెట్టె, ఒళ్లు, డబ్బు ఎవరివి వాళ్లే చూసుకోవాలి. పదకొండేళ్లకు నవోదయకు పోయే పిల్లకు తలదువ్వుకోవడం, బట్టలు పిండి ఆరేసుకోవడం, తన వస్తువులు లెక్కపెట్టుకోవడం వస్తే మొదటి నెల ఏడుపు సగం తగ్గుతుంది.

ఈ ఎండాకాలం సెలవులే మిగిలాయి. జూన్‌లో వెళ్లిపోతుంది. ఇప్పుడేం చేయాలి?

అన్నీ నేర్పాలని చూడకండి. మొదటి రెండు వారాలు బట్టలు, అన్నం, పప్పు. మూడో వారం నుంచి ఇంటి సరుకులు ఆమె మీద వేయండి. ఏం అయిపోయిందో ఆమే చూసి, ఆమే రాసి, ఆమే అంగడికి పోవాలి. బస్టాండుకు తానే పోయి, అమ్మమ్మ ఊరికి తానే వెళ్లి రానివ్వండి. మే నెల మధ్యలో ఇంటి తాళం, ఖర్చుకు డబ్బు చేతిలో పెట్టి, తమ్ముణ్ణి కూడా ఆమెకే వదిలి, మీరిద్దరూ రెండు రోజులు బంధువుల ఇంటికి వెళ్లండి. పక్కింటి వాళ్లకు చెప్పి వెళ్లండి. రాత్రి ఒకసారి ఫోన్ చేసి, తలుపు వేసుకున్నారా, ఏం తిన్నారు అని అడగండి. ఎలా చేయాలో మాత్రం చెప్పకండి. తిరిగొచ్చాక ఇల్లెలా ఉందో మీరు తీర్పు చెప్పకుండా, ఎక్కడ తడబడ్డావమ్మా అని అడగండి. పాలు విరిగాయనో, నీళ్లొచ్చిన పూట నిద్రపోయాననో, గ్యాస్ అయిపోతే ఏం చేయాలో తెలియలేదనో ఆమే చెబుతుంది. మిగిలిన సెలవుల్లో నేర్పాల్సింది ఆమె చెప్పిన ఆ నాలుగు సంగతులే.